పేర్లు కొట్టేసే ముందు మ్యాకీ ఇంటి కథ వినండి



ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిక లేనివాళ్ళు చివరి నాలుగు పేరాలు చదివినా చాలు. కానీ చదవకుండా దండం బొమ్మ మాత్రం పెట్టవద్దు. ఈసారి నాకు దండం వద్దు, జవాబు కావాలి.

పోయిన నెల కార్యవర్గం మీటింగులో మన కుటుంబాల వంశవృక్షం పుస్తకం వేయాలని తీర్మానం చేశారు. మంచి పని. మన తాతముత్తాతలు నాయకరాజుల కాలంలో ఇక్కడికి వచ్చారని చెప్పుకుంటాం గానీ, నాలుగు తరాల పేర్లు వరసగా చెప్పగలిగినవాళ్ళు మనలో ఎంతమంది? పుస్తకానికి నేనూ డబ్బు కట్టాను. నా గొడవ డబ్బు గురించి కాదు. తీర్మానంలో ఆరో షరతు గురించి. బయటివాళ్ళను పెళ్ళి చేసుకున్న పిల్లల పేర్లు, వాళ్ళకు పుట్టిన సంతానం పేర్లు పుస్తకంలో చేర్చరాదు అని రాశారు. లేచి మాట్లాడబోతే "సార్, టైం అయింది, భోజనాలు చల్లారిపోతాయి" అన్నారు. భోజనం చేశాను. సాంబారు బాగానే ఉంది. మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు ఒక పెద్దాయన అన్నారు: "అమెరికాలో కోటీశ్వరుల కుటుంబాలు చూడండి, వంశగౌరవం ఎట్లా కాపాడుకుంటాయో!" సరే, అమెరికా మాటే చూద్దాం. నేను రైల్వేలో 38 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. నేను చేరినప్పుడు నా టేబుల్‌కు పక్క గదే తంతి ఆఫీసు. పొద్దస్తమానం టక్కు టక్కుమని చప్పుడు. అప్పటినుంచి తంతి అంటే నాకు ఒక పిచ్చి. దాని గురించి ఏది దొరికినా చదువుతాను. అట్లా చదివినవాటిలో మ్యాకీ కుటుంబం కథ ఒకటి. తంతి కంపెనీతో లోకమంతా తెలిసిన కుటుంబం. వంశగౌరవం కాపాడుకోబోయి ఏమైందో ఆ కుటుంబం కంటే బాగా చెప్పేవాళ్ళు లేరు.

మొదటివాడు జాన్ విలియం మ్యాకీ. 1831లో ఐర్లండులో డబ్లిన్‌లో పుట్టాడు. బీద కుటుంబం. 1840లో న్యూయార్క్ వచ్చారు. కొద్దికాలానికే తండ్రి చనిపోయాడు. పిల్లవాడు వీధుల్లో పేపర్లు అమ్మాడు, తర్వాత ఓడలు కట్టే చోట పనికి కుదిరాడు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో ఐరిష్ కేథలిక్ అంటే ఎవరికీ గౌరవం లేదు. తాగుబోతులని, మురికివాళ్ళని, వీళ్ళు వచ్చి దేశం పాడయిందని తిట్టేవాళ్ళు. ఇరవై ఏళ్ళ వయసులో బంగారం వెతుక్కుంటూ కాలిఫోర్నియా వెళ్ళాడు. ఎనిమిదేళ్ళు తవ్వినా పెద్దగా ఏమీ దొరకలేదు. ఆ తర్వాత నెవాడాలో వెండి పడిందని తెలిసి కొండలు దాటి వర్జీనియా సిటీకి పోయాడు. అక్కడ గనిలో రోజుకు 4 డాలర్ల కూలీ. ఆ గనుల లోపల వేడి ఎంతంటే, మనిషి కొంతసేపు పనిచేసి పైకి వచ్చి ఐసు నీళ్ళు తాగి మళ్ళీ దిగాలి. రాతి సందుల్లోనుంచి కాగే నీళ్ళు పొంగేవి.

అట్లాంటి చోట కూలీ నుంచి మేస్త్రీ, మేస్త్రీ నుంచి భాగస్తుడు అయ్యాడు. 1873లో ముగ్గురు భాగస్తులతో కలిసి వెండి కుండ మీదే పడ్డాడు. ఆ గనుల నుంచి కొన్నేళ్ళలో పది కోట్ల డాలర్లకు పైగా వెండి, బంగారం వచ్చాయి. కోటీశ్వరుడైన తర్వాత కూడా గనిలోకి దిగి కూలీలతో పాటు నడిచేవాడట. కూలీ రేటు 4 డాలర్ల కంటే తగ్గించమని ఒత్తిడి వస్తే తగ్గించలేదని పేరు.

ఇక ఆయన భార్య. పేరు మరీ లూయిస్. ఆమె అప్పటికే ఒక పెళ్ళి అయి, భర్త పోయి, చిన్నపిల్లతో వితంతువుగా ఉంది. గనుల ఊళ్ళో బట్టలు కుట్టి, ఫ్రెంచి పాఠాలు చెప్పి బతికింది. 1867లో జాన్ మ్యాకీ ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. మన సంఘంలో 1867లో వితంతువును పెళ్ళి చేసుకున్నవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో పుస్తకం వేసేవాళ్ళు చెప్పాలి.

డబ్బు వచ్చిన తర్వాత ఈ దంపతులు న్యూయార్క్‌లో పెద్ద ఇళ్ళవాళ్ళతో కలవాలనుకున్నారు. వాళ్ళు గడప తొక్కనివ్వలేదు. గనిలో పనిచేసిన ఐరిష్‌వాడు, బట్టలు కుట్టిన ఆడది, మాతో సమానమా అన్నారు. ఆమె పట్టుదలగా పారిస్ వెళ్ళింది, తర్వాత లండన్. అక్కడ రాజులు, ప్రభువులు ఆమె విందులకు వచ్చారు. ఆమె నెవాడాలో బట్టలు ఉతికిందని ఇంగ్లండులో ఒక పత్రిక రాస్తే కేసు వేసింది. అబద్ధం రాస్తే కేసు వేయడం న్యాయమే. కానీ మీరు ఒకటి గమనించండి. బట్టలు ఉతకడం అవమానం అనే మాట ఆ ఇంట్లోకి వచ్చింది ఆ రోజుల్లోనే. రెండో తరం ఆ మాట వింటూ పెరిగింది.

ఇప్పుడు తంతి సంగతికి వస్తాను. 1866లో అట్లాంటిక్ సముద్రం అడుగున తీగ నిలిచినప్పుడు ఒక్కొక్క పదానికి ఒక పౌను, కనీసం ఇరవై పదాలు. సామాన్యుడికి అందే మాట కాదు. తర్వాత రేటు తగ్గినా, కంపెనీలన్నీ చేతులు కలిపి ఒకే రేటు పెట్టుకున్నాయి. అమెరికా లోపల వెస్టర్న్ యూనియన్ కంపెనీ జే గౌల్డ్ అనే స్టాక్ మార్కెట్ మొనగాడి చేతిలో ఉంది. ఆ కట్టు తెంచింది మ్యాకీ. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక యజమాని బెన్నెట్‌తో కలిసి కమర్షియల్ కేబుల్ కంపెనీ పెట్టి, 1884లో రెండు తీగలు సముద్రంలో వేశాడు. ఆ తీగ అటువైపు ఒడ్డెక్కింది ఎక్కడో తెలుసా? ఐర్లండులో వాటర్‌విల్ అనే ఊళ్ళో. తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా ఏ దేశం వదిలి వచ్చాడో అదే దేశంలో. రేట్ల యుద్ధం మొదలైంది. 1886లో పదానికి 12 సెంట్లకు దిగింది. 1888లో 25 సెంట్ల దగ్గర రాజీ అయ్యారు. అమెరికా లోపల పోస్టల్ టెలిగ్రాఫ్ అనే కంపెనీని చేతికి తీసుకుని వెస్టర్న్ యూనియన్‌కు పోటీగా నిలబెట్టాడు.

ఆయన దేవుడు అని నేను అనడం లేదు. ఏ కంపెనీ కథలోనూ అంత తెల్లగా ఉండదు. 1907లో తంతి ఆపరేటర్లు జీతాల కోసం దేశమంతా సమ్మె చేశారు. అప్పటికి జాన్ మ్యాకీ లేడు, కొడుకు రాజ్యం. వెస్టర్న్ యూనియన్, పోస్టల్ రెండూ ఒక్కటై సమ్మెను ఓడించాయి. వ్యాపారంలో శత్రువులు, కూలీ విషయంలో అన్నదమ్ములు. తంతులు మోసిన చిన్న పిల్లల ఫొటోలు లూయిస్ హైన్ అనే ఆయన తీశాడు. టోపీ మీద కంపెనీ పేరు, చేతిలో సైకిలు, బడికి పోవలసిన వయసు. ఆ పిల్లల పేర్లు ఏ వంశచరిత్రలోనూ లేవు. వాళ్ళ కాళ్ళ మీద నిలబడిన కుటుంబం పేరు మాత్రం ఉంది. రైల్వేలో గుమాస్తాగా చేసినవాడిని కాబట్టి ఈ మాట చెప్పకుండా ముందుకు పోలేను.

1902లో జాన్ మ్యాకీ లండన్‌లో చనిపోయాడు. పెద్ద కొడుకు అంతకు ఏడేళ్ళ ముందే గుర్రం మీద నుంచి పడి పోయాడు. వ్యాపారం చిన్నకొడుకు క్లారెన్స్‌కు వచ్చింది. తండ్రి మొదలుపెట్టిన పసిఫిక్ తీగ పని కొడుకు పూర్తి చేశాడు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హోనొలూలు, మిడ్వే, గ్వామ్ మీదుగా మనీలా దాకా. 1903 జూలై 4న అధ్యక్షుడు రూజ్వెల్ట్ పంపిన తంతి లోకం చుట్టూ తిరిగి వచ్చింది. ఇది అచ్చంగా అమెరికా తీగ అని ఊరంతా చాటారు. తర్వాత బయటపడింది ఏమిటంటే, ఆ కంపెనీలో సగం వాటా బ్రిటిష్ కంపెనీది, పావు వాటా డెన్మార్క్ కంపెనీది. మ్యాకీలది మిగిలిన పావే. స్వచ్ఛమైన వంశం అని చెప్పుకునేవాళ్ళ లెక్కలు తీస్తే చాలాసార్లు ఇట్లాగే ఉంటాయి. మనమూ తీసి చూసుకోవచ్చు. మన ఇళ్ళలో పేరంటానికి పాడే పాట తెలుగు, చెప్పుకునే సామెత తమిళం, వంటలో సగం ఈ నేలది. అందులో తప్పేముంది? తప్పు దాచడంలో ఉంది.

క్లారెన్స్ లాంగ్ ఐలండ్‌లో రోస్లిన్ అనే ఊళ్ళో గుట్ట మీద పెద్ద బంగళా కట్టించాడు. హార్బర్ హిల్ అని పేరు. చుట్టూ ఆరువందల ఎకరాలకు పైన. లోపల పాత ఐరోపా రాజుల ఇనప కవచాలు, చిత్రాలు. న్యూయార్క్ పాత కుటుంబం పిల్ల కేథరీన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. అమ్మను గడప తొక్కనివ్వని సమాజంలోకి కొడుకు అల్లుడై వెళ్ళాడు. ఆ కేథరీన్ తెలివిగలది. 1908లో ఆడవాళ్ళకు ఓటు హక్కు కోసం సంఘం పెట్టింది. తర్వాత భర్తను వదిలి ఒక డాక్టరుతో వెళ్ళిపోయింది. 1914లో విడాకులు. ముగ్గురు పిల్లలు తండ్రి దగ్గరే పెరిగారు. అప్పటినుంచి ఆ ఇంట్లో పరువు అనే మాట ఇంకా గట్టిపడింది. 1924లో ఇంగ్లండు యువరాజుకు ఆ బంగళాలో విందు ఇచ్చారు. అమెరికా పత్రికలన్నీ రాశాయి.

ఇప్పుడు అసలు కథ. క్లారెన్స్ రెండో కూతురు ఎలిన్. చదువుకున్నది, న్యూయార్కర్ పత్రికలో వ్యాసాలు రాసింది. ఆమె అర్వింగ్ బెర్లిన్ అనే పాటల రచయితను ఇష్టపడింది. అతను రష్యా నుంచి ఐదేళ్ళ వయసులో వచ్చిన యూదు పిల్లవాడు. పదమూడో ఏట తండ్రి పోయాడు. వీధుల్లో పేపర్లు అమ్మాడు. సారా కొట్ల ముందు పాటలు పాడి చిల్లర ఏరుకున్నాడు. బడి చదువు లేదు, సంగీతం చదవడం రాయడం రాదు. అయినా అప్పటికే అమెరికా అంతా అతని పాటలు పాడుతోంది.

కొంచెం ఆగి, పైన జాన్ మ్యాకీ గురించి రాసిన పేరా మళ్ళీ చదవండి. వలస వచ్చినవాడు. తండ్రి లేనివాడు. పేపర్లు అమ్మినవాడు. జనం ఈసడించిన మతంవాడు. తన చేతులతో పైకి వచ్చినవాడు. అల్లుడు కాబోయేవాడు అచ్చం తన తండ్రి మాదిరి ఉన్నాడు. క్లారెన్స్‌కు అది కనపడలేదు. యూదుడు, వీధి పాటగాడు అన్నదే కనపడింది. కూతురిని విడదీయాలని ఐరోపాకు తీసుకెళ్ళాడు. ఆమె మనసు మారలేదు. 1926 జనవరి 4న ఇద్దరూ న్యూయార్క్ మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నారు. తనకు తెలియకుండా, తన అంగీకారం లేకుండా జరిగిందని తండ్రి పత్రికలకు చెప్పించాడు. ఆస్తిలో వాటా లేదన్నాడు. బెర్లిన్ తన పాట ఒకదానికి వచ్చే రాయల్టీ మొత్తం భార్య పేరున రాసి ఇచ్చాడు.

ఆ తర్వాత తండ్రీ కూతుళ్ళకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఒక్కసారి ఆలోచించండి. అట్లాంటిక్ కింద, పసిఫిక్ కింద తీగలు ఈయనవి. మనీలాకు మాట పంపాలంటే ఈయన తీగ మీదే పోవాలి. అదే న్యూయార్క్‌లో ఉన్న కన్నకూతురికి మాత్రం ఒక్క మాట పంపలేకపోయాడు. 1926 నవంబరులో మనవరాలు పుట్టింది. మాట లేదు. 1928లో మనవడు పుట్టి, నెల తిరగకుండానే క్రిస్మస్ నాడు చనిపోయాడు. ఆ చావు తర్వాతే మెల్లగా మంచు కరగడం మొదలైంది. ఒక పసిబిడ్డ చచ్చిపోతే గానీ తాతకు మనసు రాలేదు.

ఆ గౌరవం ఏమైనా నిలిచిందా? అదే 1928లో క్లారెన్స్ తండ్రి కష్టపడి కట్టిన కంపెనీలన్నీ ఐ.టి.టి. కంపెనీకి ఇచ్చి, బదులుగా షేర్లు తీసుకున్నాడు. మరుసటి ఏడాది మార్కెట్ కూలిపోయింది. షేర్లు కాగితాలయ్యాయి. కవచాలు, చిత్రాలు ఒక్కొక్కటే అమ్ముకున్నాడు. బంగళా నడపలేక మూసి, అదే తోటలో పనివాళ్ళ మేనేజరు ఉండే చిన్న ఇంట్లోకి మారాడు. పోస్టల్ టెలిగ్రాఫ్ 1935లో దివాలా తీసింది. 1943లో పాత శత్రువు వెస్టర్న్ యూనియన్‌లోనే కలిసిపోయింది. క్లారెన్స్ 1938 నవంబరులో చనిపోయాడు. సరిగ్గా అదే నెలలో అల్లుడు రాసిన "గాడ్ బ్లెస్ అమెరికా" పాట మొదటిసారి రేడియోలో వచ్చింది. ఈ రోజుకూ ఆ దేశంలో జాతీయగీతం తర్వాత అంత గౌరవంగా పాడే పాట అది. హార్బర్ హిల్ బంగళాను 1947లో పడగొట్టారు. దాని ముందు నిలబెట్టిన రాతి గుర్రాల్లో ఒకటి ఆ ఊరి హైస్కూల్ ముందు ఉంది. పరువు తీస్తుందన్న పెళ్ళి ఎన్నాళ్ళు నిలిచింది? 62 ఏళ్ళు. 1988లో ఎలిన్ చనిపోయేదాకా.

ఇంకొక్కటి. నెవాడా యూనివర్సిటీలో జాన్ మ్యాకీ విగ్రహం ఉంది. 1908లో కుటుంబమే డబ్బు ఇచ్చి పెట్టించింది. కోటు, టోపీ వేసుకున్న కోటీశ్వరుడి విగ్రహం కాదు. పికాసు మీద చేయి వేసి నిలబడ్డ గని కూలీ విగ్రహం. తండ్రిని కూలీగా నిలబెట్టి దండ వేసిన ఆ క్లారెన్సే, పద్దెనిమిదేళ్ళ తర్వాత అట్లాంటి మరో కూలీని ఇంట్లోకి రానివ్వలేదు. చచ్చిపోయిన బీదవాడు వంశానికి గౌరవం, బతికున్న బీదవాడు వంశానికి మచ్చ. మన పుస్తకం ఆరో షరతు చెప్పేది కూడా ఇదే. ఐదువందల ఏళ్ళ కింద తుంగభద్ర దాటి, తెలియని నేలకు వచ్చి, తెలియని భాష నేర్చుకుని, తెలియని జనంలో కలిసి బతికినవాళ్ళను మొదటి పేజీలో రంగుల్లో వేస్తారు. ఇప్పుడు అదే పని చేసిన పిల్లల పేరు కొట్టేస్తారు.

మీరు అడిగేది నాకు తెలుసు. "మనం కొద్దిమందిమి. బయట పెళ్ళిళ్ళు ఒప్పుకుంటే రెండు తరాల్లో మనవాళ్ళు, మన భాష ఉండవు." ఈ భయం నాకూ ఉంది, ఎగతాళి చేయను. కానీ నిజం చెప్పండి. నేను తమిళ మీడియంలో చదివాను. తెలుగు అక్షరాలు నాకు ముప్పై ఏళ్ళ వయసులో స్టేషన్ పోర్టర్ ఒకాయన నేర్పాడు. లోపల పెళ్ళి చేసుకున్న మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలు ఈ పోస్టు చదవగలరు? మన సంఘం ఆహ్వాన పత్రికే తమిళంలో, ఇంగ్లీషులో వస్తుంది. భాషను పోగొట్టింది పెళ్ళిళ్ళు కాదు, మన బద్ధకం. దాన్ని ఆడపిల్లల మీద తోసేస్తున్నాం. ఆడపిల్లల మీద అని ఎందుకంటున్నానంటే, బయటి పిల్లను తెచ్చుకున్న మగపిల్లల పేర్లు ఎట్లాగో ఏదో ఒక సర్దుబాటుతో లోపలికి వస్తాయని మనందరికీ తెలుసు.

ఇప్పుడు నా సంగతి. చెప్పకపోతే ఈ పోస్టుకు విలువ లేదు. నా చెల్లెలు 1987లో తనతో పనిచేసే ఒక తమిళ క్రైస్తవ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. నాయన ఆమె పేరు ఇంట్లో ఎత్తవద్దన్నారు. మరుసటి ఏడాది తంతి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరం క్షేమం అని. నాయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను ఏం చేశాను? ఏమీ చేయలేదు. పక్క గదిలో తంతి ఆఫీసు. నాతో రోజూ టీ తాగే మనిషి అక్కడ కూర్చుని ఉంటాడు. పది పదాలు రాసిస్తే చాలు. ఆరేళ్ళు ఆ గది ముందు నుంచి నడిచాను, పది పదాలు రాయలేదు. నాయన పోయిన తర్వాతే చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఆమె తలుపు తీసి, "రా అన్నా, అన్నం తిందువు" అంది. అంతే. ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. 2013లో దేశంలో తంతి మూసేసిన రోజు టీవీలో చూస్తూ నాకు జ్ఞాపకం వచ్చింది నేను పంపని ఆ తంతి ఒక్కటే. క్లారెన్స్ మ్యాకీని తిట్టడానికి నాకు ఏం హక్కుందని మీరు అడిగితే, అదే నా హక్కు. ఆ తప్పు చేసినవాడిని.

కాబట్టి నేను అడిగేది ఇది. ఒకటి, ఆరో షరతు తీసేయాలి. రెండు, పుస్తకంలో ప్రతి పేరూ ఉండాలి, ఎవరిని పెళ్ళి చేసుకున్నా సరే. మూడు, ఆడవాళ్ళను ఫలానావారి భార్య అని కాకుండా వాళ్ళ పేరుతో వేయాలి. నాలుగు, ప్రతి పేరు పక్కన వాళ్ళు చేసిన పని రాయాలి. గ్యాంగ్‌మన్ అయితే గ్యాంగ్‌మన్, మిల్లు కూలీ అయితే మిల్లు కూలీ, ఇడ్లీ కొట్టు అయితే ఇడ్లీ కొట్టు. మా తాత మూటలు మోశాడు. అట్లాగే వేయండి, నాకు సిగ్గు లేదు.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగులో ఈ విషయం ఓటుకు పెట్టమని కార్యదర్శి గారికి లెటరు ఇచ్చాను. భోజనాల ముందు పెట్టండి, తర్వాత వద్దు. ఒప్పుకోకపోతే నేను కట్టిన డబ్బు వెనక్కి అడగను, పుస్తకంలో నా పేజీ మాత్రం వేయవద్దు. చెల్లెలి పేరు లేని చెట్టులో నా పేరు వద్దు. మీ ఇళ్ళలో కూడా ఎవరో ఒకరు ఉంటారు. ఓటు వేసే ముందు వాళ్ళకు ఒక ఫోన్ చేయండి. ఇప్పుడు పదానికి ఒక పౌను కూడా అక్కరలేదు.

రాతలో తప్పులుంటే దిద్దండి. మాటలో తప్పు ఉందంటే మీటింగులో చెప్పండి, వింటాను.